రెండు పడవలు, ఒకే రేవు

2025 జూన్ 10న హాంకాంగ్‌లోని కై తక్ స్టేడియంలో, ఆట ఇక ముగుస్తుందనగా ప్రత్యర్థికి పెనాల్టీ దక్కి, మన జాతీయ ఫుట్‌బాల్ జట్టు 0-1 తేడాతో ఓడిపోయింది. నేనింకా టీవీ కట్టేయలేదు, రిమోట్ చేతిలోనే ఉంది, ఇంతలో ఫోన్ మోగింది. ఎవరో చూడక్కర్లేకుండానే మా పెద్దమామయ్య అని తెలిసిపోయింది. ఆయనకు ఎనభై రెండేళ్లు. బాగున్నావా అని కూడా అనకుండా, "ఏరా, ఈసారి కూడా కోచ్‌నే మార్చమంటావా?" అని అడిగారు. ఆ "ఈసారి కూడా" అన్న మాటలో మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న వాదన అంతా ఇమిడి ఉంది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టక, ఈ వాదన ఎక్కడ మొదలైందో, ఏయే మలుపులు తిరిగిందో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు గుర్తుకొచ్చినవాటినే ఇక్కడ రాస్తున్నాను.

మాది సికింద్రాబాద్. మామయ్య లాలాగూడలో పెరిగి, రైల్వేలో ఉద్యోగం చేసి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఆదివారం సాయంత్రాల్లో ఒక ఇరానీ హోటల్లో, పాలరాతి పలక బల్ల చుట్టూ, ఆయన వయసువాళ్లు నలుగురైదుగురు చేరేవారు. ఒకాయన బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మారేడ్‌పల్లి వాసి, ఇంకొకాయన బొల్లారంలో స్థిరపడిన మలయాళీ, మరొకాయన మామయ్యతో పాటు రైల్వేలో పనిచేసిన బెంగాలీ. చదువు పూర్తయి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో, 2002 ప్రాంతంలో, నేను కూడా ఆ బల్ల దగ్గరికి చేరాను. మిగతా హోటలంతా క్రికెట్ గురించి మాట్లాడుకుంటుంటే ఆ ఒక్క బల్ల మీద మాత్రం ఫుట్‌బాల్ నడిచేది. అదీ ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది: జాతీయ జట్టుకు ఇప్పుడున్న కోచ్‌ను ఉంచాలా, మార్చాలా?

స్టీఫెన్ కాన్‌స్టంటైన్ మొదటిసారి మన జట్టును నడిపిస్తున్న కాలమది. విదేశీ కోచ్ వల్ల మనకు ఒరిగేదేమీ లేదని మారేడ్‌పల్లి ఆయన, విదేశీయుడైతేనే పక్షపాతం లేకుండా ఆటగాళ్లను ఎంచుకుంటాడని మలయాళీ మిత్రుడు, కలకత్తా మైదానం తెలియనివాడికి భారత ఫుట్‌బాల్ ఏం తెలుస్తుందని బెంగాలీ ఆయన గంటల తరబడి పట్టుబట్టేవారు. నేను కుర్రవాణ్ణి కాబట్టి నాది ఎప్పుడూ ఒకటే మాట: ఓడిపోతే తీసేయాల్సిందే. మామయ్య ఈ గొడవంతా విని, చివర్లో గొంతు పెంచకుండా, "ముందు ఆ కోచ్‌కు ఏడాదిలో ఎన్ని రోజులు పిల్లల్ని అప్పగించారో అది చెప్పండి, తర్వాత తీసేద్దాం" అనేవారు. అది దాటవేత మాటని, పెద్దవాళ్లు తీర్పు చెప్పడం ఇష్టం లేనప్పుడు ఇలాగే మాట్లాడతారని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఆ ప్రశ్నను ఆయన ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో నాకు తర్వాత గాని తెలియలేదు.

ఆయన దాన్ని సయ్యద్ అబ్దుల్ రహీం నుంచి తెచ్చుకున్నారు. మామయ్య తరం సికింద్రాబాద్, హైదరాబాద్ పిల్లలకు ఆయన "రహీం సాబ్". 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉండి, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిపించారు. అదే కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, జాతీయ జట్టుకు కూడా కోచ్. ఒకసారి మామయ్య ఉస్మానియా బిస్కెట్లు ఒక ప్లేటు తెప్పించి, పాలరాతి బల్ల మీద వెనుక నాలుగు, మధ్య రెండు, ముందు నాలుగు వరుసగా పేర్చారు. బ్రెజిల్ 1958లో ప్రపంచానికి చూపించిన ఆ పద్ధతిని అంతకుముందే మన జట్టు చేత రహీం ఆడించారని చెబుతూ, ముందు వరుసలోని ఒక బిస్కెట్‌ను వేలితో మెల్లగా వెనక్కి జరిపారు. "గోల్ కొట్టాల్సినవాడు ఇలా వెనక్కి జరిగాడనుకో, వాణ్ణి కాపలా కాసేవాడు వెంట రావాలా, తన చోటే ఉండాలా? వాడు తేల్చుకునే లోపల ఇక్కడ ఖాళీ ఏర్పడుతుంది" అని, ఖాళీ అయిన చోట గోటితో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. బిస్కెట్ అంచు నుంచి రాలిన పొడి ఆ తెల్లటి రాతి మీద ఒక గీతలా మిగిలిపోయింది. ఫుట్‌బాల్‌ను నేను చూడటం కాకుండా అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది ఆ సాయంత్రం నుంచే.

రహీం శిక్షణ గురించి ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదని, అందిన వెంటనే తోటివాడికి అందించాలని నియమం పెట్టి, అలాంటి పోటీలను ఆయన ప్రత్యేకంగా నడిపేవారట. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా ఉండేవట. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమకాలితో తన్నలేక తడబడుతుంటే చూసేవాళ్లు నవ్వేవారు గానీ, ఏడాది తిరిగేసరికి అదే పిల్లవాడు రెండు కాళ్లతోనూ ఆడేవాడని మామయ్య గర్వంగా చెప్పేవారు. జాతీయ జట్టు శిబిరానికి వచ్చాక నేర్పే విద్య కాదది. ఊరి మైదానంలో, రోజూ సాయంత్రం, ఏళ్ల తరబడి చేతిలో ఉన్న పిల్లలకు మాత్రమే అది నేర్పగలరు.

ఓడిపోతే తీసేయాలన్న నా వాదనకు మామయ్య ఎప్పుడూ హెల్సింకీని అడ్డం వేసేవారు. 1952 ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో ఉత్త కాళ్లతో ఆడారు. "పది గోల్స్ తిన్న కోచ్‌ను ఇవాళైతే నువ్వేం చేస్తావు?" అని మామయ్య అడిగేవారు. నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఎందుకంటే తర్వాతి కథ నాకూ తెలుసు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు అదే రహీం చేతికి జట్టును అప్పగించి మెల్‌బోర్న్ పంపించారు. అక్కడ ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే అయింది. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. మొదటి గోల్ మనం కొట్టాం, చివరికి 1-4తో ఓడాం. చివరికి నాలుగో స్థానంతో తిరిగొచ్చిన ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ అందరూ మన ఊరివాళ్లే. బలరాంది సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ. ఆ పేరు పలికేటప్పుడు మామయ్య గొంతులో ఏదో బంధుత్వం వినిపించేది.

1962 జకార్తా గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన కొంచెం ఆగేవారు. ఆసియా క్రీడల్లో మన తొలి మ్యాచ్ దక్షిణ కొరియాతో 0-2గా పోయింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం వెనుక వరుస నుంచి తీసి ముందుకు పంపారు. ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశారు. అప్పుడు మామయ్యకు ఇరవై ఏళ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం దక్కలేదు. అందుకే మామయ్య ముందు నేను ఏ కోచ్ పేరెత్తినా ఆ పోలిక నీడలా పక్కన నిలబడేది, ఆ పోలిక ఏ కోచ్‌కూ న్యాయం చేయదని నేను పోట్లాడేవాణ్ణి కూడా. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను.

మా బల్లకు నిజమైన పరీక్ష 2005లో వచ్చింది. హైదరాబాద్ వాడే, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ అయిన సయ్యద్ నయీముద్దీన్ జాతీయ జట్టు కోచ్ అయ్యారు. ఆ డిసెంబరులో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడు మారేడ్‌పల్లి ఆయన అందరికీ సమోసాలు తెప్పించారు. రెండు నెలలు దాటగానే జపాన్‌లో 0-6తోనూ, ఆ వెంటనే ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3తోనూ ఓడిపోయాం. మన ఊరివాడని ఒకరు, మన ఊరివాడైనా ఫలితం చూడాల్సిందేనని ఇంకొకరు, నాలుగు ఆదివారాల పాటు మా బల్ల రెండు ముక్కలైంది. నేను మార్చాలన్న పక్షమే. మన ఊరివాడన్న మమకారం అడ్డు రాకూడదని అప్పట్లో పెద్ద మాటలు మాట్లాడాను. మామయ్య మాత్రం "జపాన్ పిల్లలు ఏడాదంతా లీగుల్లో ఆడతారు. మనవాళ్లను పదిహేను రోజులు శిబిరంలో పెట్టి వాళ్ల మీదికి తోస్తే నయీమైనా, రహీమైనా ఏం చేస్తాడు?" అన్నారు. రహీం పేరును ఆయన అలా ఓటమి పక్కన పెట్టడం నేను వినడం అదే మొదటిసారి. ఆ 2006లోనే నయీముద్దీన్ వెళ్లిపోయారు, ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చారు.

హౌటన్ కాలంలోనే నా జ్ఞాపకాల్లో అన్నింటికన్నా స్పష్టంగా మిగిలిన సాయంత్రం ఉంది. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది. జులై 30న అఫ్గానిస్తాన్‌తో మన తొలి మ్యాచ్‌కు మామయ్యను లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని ఫతే మైదాన్ అనే అంటారు. వానాకాలం కాబట్టి గొడుగు, కింద వేసుకోవడానికి పాత పత్రికలు, సంచిలో చిన్న ఫ్లాస్కు తెచ్చుకున్నారు. చిన్నప్పుడు సిటీ పోలీస్ ఆటలు ఎక్కడ నిలబడి చూసేవారో వేలు పెట్టి చూపించారు. ఆట మాత్రం ఎంతకూ సాగలేదు. బంతిని ఎత్తి ముందుకు కొట్టడం, అది పోవడం, మళ్లీ తెచ్చుకోవడం, ఇదే వరస. ఎనభై నిమిషాలు దాటాక మా వెనుక వరుసలోని కుర్రాళ్లు కోచ్‌ను తిట్టడం మొదలుపెట్టారు. హౌటన్‌ను పంపించేయాలని ఒకడు, ఇంటి దారి పట్టించాలని ఇంకొకడు అరుస్తుంటే, నేనూ వాళ్లతో గొంతు కలిపాను. మామయ్య ఏమీ అనలేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటున్నారు. తొంభై నిమిషాలు దాటిపోయాక క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. స్టేడియం ఒక్కసారిగా లేచింది. కోచ్‌ను తరిమేయమన్న ఆ కుర్రాళ్లే ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. అందులో ఒకడు వెనుక నుంచి వంగి మామయ్య భుజాలు పట్టుకుని ఊపేశాడు. మూతలోని టీ ఆయన చొక్కా మీద పడింది. ఆయన ఆ మరక చూసుకుంటూ, నా వైపు తిరిగి, "నిమిషం కింద తీసేసి ఉంటే ఈ గోల్ ఎవరి ఖాతాలో వేసేవాడివి?" అన్నారు.

ఆ తర్వాత వానలకు మన మైదానం పాడైపోవడంతో ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ తజికిస్తాన్‌ను 4-1తో ఓడించాం, సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు. దాంతో ఇరవై ఏడేళ్ల తర్వాత 2011 ఆసియా కప్‌లో అడుగుపెట్టే అర్హత వచ్చింది. ఫైనల్ మన ఊరి నుంచి వెళ్లిపోయిందని మామయ్య చాలా రోజులు బాధపడ్డారు. నేను మాత్రం ఆ టీ మరక ప్రశ్నను మరిచిపోవడానికి ప్రయత్నించాను, ఎందుకంటే దానికి నా దగ్గర సమాధానం లేదు. 2011 జనవరిలో దోహాలో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో వరుసగా ఓడి పదమూడు గోల్స్ ఇచ్చుకున్నప్పుడు, మళ్లీ అదే పాత పాట పాడాను. హౌటన్ వెళ్లిపోయారు. ఆ తర్వాత నాలుగేళ్లలో అర్మాండో కొలాసో, సావియో మెదీరా, విమ్ కూవర్‌మన్స్ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్లారు. 2015 మార్చి నాటికి ఫిఫా ర్యాంకుల్లో మన జట్టు 173వ స్థానానికి పడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను ఆ రోజుల్లో మామయ్య ఎన్నిసార్లు వాడారో లెక్క లేదు.

రెండోసారి వచ్చిన కాన్‌స్టంటైన్ ఆ జట్టును 2017లో 96వ ర్యాంకు దాకా తీసుకెళ్లారు. అయినా ఆట చూడముచ్చటగా లేదని మేం గొణుగుతూనే ఉన్నాం. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో గెలిచిన ఎనిమిది రోజులకే, చివరి క్షణాల పెనాల్టీతో బహ్రెయిన్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టాం. ఆ రాత్రే ఆయన రాజీనామా చేశారు. ఈ మధ్యకాలంలో మా బల్ల కూడా పలచబడింది. బెంగాలీ ఆయన కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయారు, మారేడ్‌పల్లి ఆయన కన్నుమూశారు, మలయాళీ మిత్రుడికి మోకాళ్ల నొప్పులు. ఆదివారాలు మామయ్య ఇంట్లో, ఆయన మంచం పక్కనున్న చిన్న స్టూలు మీదికి మారాయి.

కాన్‌స్టంటైన్ తర్వాత కోచ్‌గా వచ్చిన ఇగోర్ స్టిమాచ్ విషయంలో మాత్రం నేను తప్పు చేశానని ఈ రోజుకీ అనుకోను. ఆయనకు అయిదేళ్లు ఇచ్చారు. 2023లో ఇంఫాల్, భువనేశ్వర్, బెంగళూరుల్లో వరుసగా మూడు టోర్నమెంట్లు గెలిచినప్పుడు, కువైట్‌కు వెళ్లి మన్వీర్ సింగ్ గోల్‌తో గెలిచినప్పుడు అందరికన్నా ఎక్కువ సంతోషించిన వాళ్లలో నేనొకణ్ణి. కానీ 2024 ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాం. ఆ మార్చి 26న గువాహటిలో, ఛెత్రి తన నూట యాభయ్యో మ్యాచ్‌లో పెనాల్టీతో గోల్ కొట్టి ముందంజ ఇచ్చిన తర్వాత కూడా, అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడిపోయాం. సొంత గడ్డ మీద, గెలిచి తీరాల్సిన మ్యాచ్‌లో వచ్చిన ఆ ఓటమికి ఏ కారణం చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. ఒప్పందం పొడిగించిన కొద్ది నెలలకే తీసేస్తే పరిహారం కట్టాల్సి వస్తుందని, ప్రపంచ కప్ అర్హత పోటీల మధ్యలో మార్చడం తెలివైన పని కాదని చెప్పినవాళ్ల వాదనలో బలం ఉంది. అయినా నేను మార్చాలనే అన్నాను. మామయ్య కూడా ఈసారి అడ్డు చెప్పలేదు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ప్రతిసారీ ఇంకొకరి మీదికి నెడుతున్నాడు, అది మాత్రం బాగాలేదు" అని ఒక్క మాట అన్నారు. జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి చివరి మ్యాచ్ కువైట్‌తో గోల్ లేకుండా ముగిసింది. జూన్ 11న దోహాలో, గీత దాటి బయటికి పోయిన బంతిని లాగి కొట్టిన గోల్‌ను రిఫరీ ఒప్పుకోవడంతో ఖతార్ మన మీద స్కోరు సమం చేసి, ఆ తర్వాత గెలిచింది. ఆ అన్యాయం గురించి మాట్లాడుకోవడం పూర్తి కాకముందే, జూన్ 17న స్టిమాచ్‌ను తొలగించారు.

ఆయన స్థానంలో మనోలో మార్క్వెజ్ పేరు ప్రకటించినప్పుడు నా ఆనందానికి హద్దు లేదు. ఈయన మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022 మార్చిలో, గోవాలోని ఫటోర్డాలో, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిపించి పెట్టిన మనిషి. కుర్రాళ్లను నమ్మి ఆడించేవారు. మామయ్యకు ఆ రాత్రి షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన బంతులు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. మరో రహీం దొరికాడని నేను నోరు జారాను కూడా. మామయ్య నవ్వి ఊరుకున్నారు.

మనోలో తొలి మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనే పడటం మా అదృష్టం అనుకున్నాను. సెప్టెంబరు 3న మారిషస్‌తో ఆట 0-0. సెప్టెంబరు 9న సిరియా మనల్ని 3-0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్పు తీసుకెళ్లింది. మామయ్య అంత దూరం రాలేనన్నారు కాబట్టి ఒక్కణ్ణే వెళ్లాను. మూడో గోల్ పడ్డాక మా వరుసలో ఒకాయన లేచి నిలబడి, కోచ్‌ను మార్చండని చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. నా నోట్లోంచి కూడా అదే అరుపు సగం వరకూ వచ్చింది. సరిగ్గా అప్పుడు నా ముందు వరుసలో పన్నెండు, పదమూడేళ్ల కుర్రాడు ఒకడు కనబడ్డాడు. కప్పు గెలిచిన ఏడాదిది కాబోలు, వెలిసిపోయిన పసుపు జెర్సీ వేసుకున్నాడు. అది వాడికి అప్పుడే పొట్టిదైపోయింది. ఆ అరుపు విని వాడు వెనక్కి తిరగలేదు. ఒళ్లో ఉన్న స్కార్ఫ్‌ను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెడుతున్నాడు. వాడి కోచ్ వాడి ఊరికి తిరిగొచ్చాడు. వచ్చి రెండో మ్యాచ్. నేను కూర్చుండిపోయాను. ఆ సగం అరుపు నన్ను చాలా దూరం వెంటాడింది.

తర్వాతి నెలలు త్వరగానే చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో ఆట తక్కువ, నిరాశ ఎక్కువ. వియత్నాంతో 1-1, మళ్లీ గచ్చిబౌలిలోనే మలేసియాతో 1-1. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో, రిటైర్మెంట్ నుంచి తిరిగొచ్చిన ఛెత్రితో కలిసి మాల్దీవులను 3-0తో గెలిచాం. అదొక్కటే విజయం. ఆరు రోజులకు అక్కడే బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో థాయిలాండ్ చేతిలో 0-2, ఆ తర్వాత హాంకాంగ్. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, ఒక గెలుపు. ఇదే సమయంలో ఆయన ఎఫ్‌సీ గోవాకు కూడా కోచ్‌గా కొనసాగారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ రేవుకూ చేరడని నేను నెలల తరబడి మామయ్యతో అంటూ వచ్చాను. హాంకాంగ్ ఓటమి రాత్రి ఫోన్‌లో ఆయన ప్రశ్నకు చివరికి నేను ఇచ్చిన జవాబు కూడా అదే.

మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తాను. "ఒరేయ్, రహీం సాబ్ కూడా రెండు పడవల మీదే నిలబడ్డాడు రా. మూడని కూడా అనొచ్చు. పోలీసు జట్టు ఆయనదే, మన సంఘం ఆయనదే, దేశం జట్టూ ఆయనదే. కాకపోతే అప్పుడు ఆ పడవలన్నీ ఒకే రేవుకు పోయేవి. పొద్దున పోలీసు మైదానంలో నేర్పిందే దేశం జట్టులో ఆడించేవాడు, ఎందుకంటే పిల్లలు వాళ్లే. నీ మనోలోకు గోవాలో ఒక జట్టు, ఇక్కడ ఇంకో జట్టు. ఇక్కడి పిల్లలు ఆయన చేతికి ఎన్ని రోజులు వచ్చారో లెక్క వేసి చెప్పు, ఆ తర్వాత తీసేద్దాం."

ఇరవై ఏళ్లుగా దాటవేత అనుకుంటున్న ఆ ప్రశ్నను నేను మొట్టమొదటిసారి నిజంగా పట్టించుకున్నది ఆ రాత్రే. కాగితం తీసుకుని లెక్క వేశాను. క్లబ్బులు ఆటగాళ్లను వదిలే రోజులు, ప్రయాణాలు, మ్యాచ్‌కు ముందు రోజు, తర్వాతి రోజు తీసేస్తే, నేర్పడానికి మిగిలేది ప్రతిసారీ చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని రోజులే. స్టిమాచ్‌కైనా, మనోలోకైనా అంతే. స్టిమాచ్‌ను మార్చడం సరైనదేనన్న నా అభిప్రాయం అప్పుడూ మారలేదు. కానీ మార్చిన తర్వాత ఏం జరగాలో మా బల్ల మీద ఇన్నేళ్లలో ఒక్కసారైనా అంత గట్టిగా వాదించుకున్నామా అంటే, లేదు. మామయ్య ఒక్కరే వాదించారు, మేం వినలేదు.

మనోలో జులైలో వెళ్లిపోయారు. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్ వచ్చారు. ఐజ్వాల్ ఎఫ్‌సీ అనే చిన్న క్లబ్బుకు 2017లో ఐ-లీగ్ టైటిల్ గెలిపించిన ఆయన, సావియో మెదీరా తర్వాత జాతీయ జట్టు పగ్గాలు అందుకున్న తొలి భారతీయుడు. నెల తిరిగేసరికి మధ్య ఆసియా టోర్నమెంటులో ఒమన్‌ను షూటౌట్‌లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. అక్టోబరు 14న మాత్రం ఫటోర్డాలో, లాలియన్‌జువాలా ఛాంగ్టే గోల్‌తో ముందుకెళ్లి కూడా, సింగపూర్ చేతిలో 1-2తో ఓడిపోయాం. 2027 ఆసియా కప్ తలుపు మూసుకుపోయింది. అదే ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఈ రెండింటిలో మామయ్యను ఏది ఎక్కువ బాధపెట్టిందో నేను అడగలేదు.

ఆ వారం ఆదివారం లాలాగూడ వెళ్లాను. దారిలో ఆ పాత హోటల్ దగ్గర ఆగి ఉస్మానియా బిస్కెట్లు ఒక డబ్బా కొన్నాను. మామయ్య మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, టీవీలో బంతి ఎటు పోయిందో పక్కనున్నవాళ్లను అడుగుతారు. "సింగపూర్ రెండో గోల్ పడ్డప్పుడు మనవాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూపించరా" అన్నారు. స్టూలు మీద పత్రిక పరిచి, మన ఆటగాళ్లు నిలబడినట్టు బిస్కెట్లు పేర్చాను. ఆయన ముఖం దగ్గరగా వంచి, ఒక్కొక్క బిస్కెట్‌నూ వేలితో తాకి చూశారు. వెనుక వరుసలో ఒకదాని దగ్గర ఆ వేలు ఆగింది. దాన్ని అంగుళం వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు తెచ్చి, "వీడు ఇక్కడ ఉండాల్సినవాడు కాదు. కోచ్ చెప్పి ఉండడు, వీడే వచ్చేశాడు. అయినా ప్రత్యర్థులు లేకుండా ఎలా తెలుస్తుంది, సింగపూర్ వాళ్లేరి?" అన్నారు. డబ్బాలో మిగిలినవి చాలలేదు. అత్తయ్యను అడిగి వంటింట్లోంచి గ్లూకోజ్ బిస్కెట్లు ఇంకో పొట్లం తెచ్చి, సింగపూర్ జట్టును కూడా పేర్చడం మొదలుపెట్టాను.